నాలుగో కాగితం

ఫాదర్ మైరాన్ మైకు ముందుకు రాగానే నడీన్ గడియారం తిప్పింది. తిప్పిందే గాని ముల్లును మూడు దగ్గర ఆపలేదు, ఆరు దాకా లాగింది. చేతివేళ్ళు ఆ పని చేస్తున్నప్పుడు ఆమె కళ్ళు ఎదురుగా ఉన్న కాగితాల మీదే ఉన్నాయి.

బ్రెనర్ గ్యాప్ టౌన్ కౌన్సిల్‌లో ఊళ్ళోవాళ్ళు ఎవరైనా లేచి మాట్లాడవచ్చు, మనిషికి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలు కొలిచేది పద్దెనిమిదేళ్ళుగా కౌన్సిల్ సెక్రటరీగా ఉన్న నడీన్ ఫెడోర్చాక్. కొలిచే సాధనం వంటింట్లో గుడ్లు ఉడకబెట్టుకునేటప్పుడు వాడే తెల్లటి గడియారం. దాని ముఖం ఎప్పుడూ ఆమె వైపే ఉంటుంది. గంట మోగితే ఎంతటివాడైనా నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని కూర్చోవలసిందే. కౌన్సిల్ అధ్యక్షుడు గ్లెన్ సొంత బావమరిదిని కూడా ఒకసారి సగం మాటలో కూర్చోబెట్టిన ఘనత నడీన్‌ది. ఈ విషయంలో ఆమెకు ఊళ్ళో మంచి పేరుంది. ఆ మంచి పేరే ఆ సాయంత్రం ఆమెకు అక్కరకొచ్చింది. ఎవరూ ప్రశ్నించలేదు.

చర్చ అగ్నిమాపక కేంద్రం వెనక రెండేళ్ళుగా ఊరికే పడి ఉన్న పాత అంబులెన్సు గురించి. నడిపేవాళ్ళు దొరక్క ఊరి అంబులెన్సు సేవ మూతపడి, పక్క ఊరి సేవలో కలిసిపోయింది. బండి మాత్రం మిగిలింది. చుట్టుపక్కల చర్చిలు కొన్ని ఇలాంటి బండ్లు పోగుచేసి, ఓడలో ఉక్రెయిన్‌కి పంపుతున్నాయి, అక్కడ యుద్ధరంగంలో సైనికుల వైద్యదళాలు వాడుకోవడానికి. శనివారం పొద్దున మూడు బండ్లు ఈ ఊరి మీదుగా రేవుకు వెళుతున్నాయి. మన బండిని నాలుగోదిగా ఇవ్వండని ఫాదర్ అడిగాడు.

"నేను తుపాకీ అడగడం లేదండీ. గాయపడినవాణ్ణి వెనక్కి మోసుకొచ్చే బండి అడుగుతున్నాను."

"యుద్ధానికి పోయే బండి యుద్ధపు బండే ఫాదర్!" వెనక వరస నుంచి టైర్ల షాపు రస్ బోయర్ అరిచాడు. గ్లెన్ బల్ల మీద చేత్తో కొట్టి, "రస్, నీ వంతు వస్తుంది, కూర్చో" అన్నాడు.

హాలు కిక్కిరిసి ఉంది. మామూలుగా మురుగు కాలవల గురించి మాట్లాడటానికి నలుగురు వస్తే గొప్ప. ఆ చలికాలమంతా వాషింగ్టన్‌లో ఇదే గొడవ, పరాయి దేశాలకి ఆయుధాలు పంపాలా, ఇక్కడి రోడ్లు బాగుచెయ్యాలా అని. టీవీలో చూసి చూసి ఊళ్ళో ప్రతివాడికీ ఒక అభిప్రాయం ఏర్పడింది. వాషింగ్టన్‌లో వీళ్ళ మాట వినేవాళ్ళు లేరు. ఇక్కడైతే ఒక అంబులెన్సు ఉంది, ఏడుగురు సభ్యులున్నారు, మైకు ఉంది.

ఫాదర్ ఆరు నిమిషాలు మాట్లాడాడు. గంట మోగేసరికి ముందు వరసలో ఇద్దరు ముసలమ్మలు కళ్ళు తుడుచుకుంటున్నారు.  ఫాదర్ చర్చిలో ఆదివారం ప్రార్థనకు నడీన్ కూర్చునే వరస వెనకే, కిందటేడు ఉక్రెయిన్ నుంచి వచ్చిన పిల్లల తల్లి ఒకామె కూర్చుంటుంది. ఆమె భర్త ఇంకా అక్కడే ఉన్నాడు.

రస్ లేచాడు. అతనికి నడీన్ సరిగ్గా మూడు నిమిషాలే తిప్పింది.

"బిలియన్లు పంపుతున్నారంట. బిలియన్‌కి ఎన్ని సున్నాలో నాకు తెలీదు. మెయిన్ స్ట్రీట్‌లో ఎన్ని గుంతలున్నాయో మాత్రం తెలుసు. వాటి పుణ్యాన్నే నా షాపు నడుస్తోంది కాబట్టి నేను ఫిర్యాదు చెయ్యకూడదు గాని..." హాలంతా నవ్వింది. ఫాదర్ మైరాన్ కూడా నవ్వాడు. "వాషింగ్టన్‌లో మనల్ని అడిగేవాడు లేడు. ఇక్కడ అడిగారు కాబట్టి చెప్తున్నా. ముందు మనవాళ్ళు. తర్వాతే ఎవరైనా." రెండున్నర నిమిషాల్లోనే ముగించి కూర్చున్నాడు.

అప్పుడు మధ్య వరస నుంచి ఆర్లీన్ డీట్స్ లేచింది.

నడీన్ పెన్ను ఆగిపోయింది. ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్న ఆర్లీన్, ప్రతి గురువారం తన కారులో చర్చికి వచ్చే ఆర్లీన్ ఇవాళ మాట్లాడుతుందని తనకు తెలియదు. తెలియకపోవడమే మొదట నొప్పించింది. ఆర్లీన్ చేతిలో నాలుగు కాగితాలున్నాయి. కళ్ళజోడు ముక్కు మీదకు జార్చుకుని, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చదవడం మొదలుపెట్టింది. నడీన్ గడియారాన్ని మూడు మీద ఆపింది. వెంట్రుకవాసి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"నా పేరు ఆర్లీన్ డీట్స్. చెస్ట్‌నట్ వీధి. నా భర్త వారెన్ ఆ అంబులెన్సు పంతొమ్మిదేళ్ళు నడిపాడు, జీతం లేకుండా. మొన్న నవంబరులో పొద్దున పదిన్నరకి మా వంటింట్లో పడిపోయాడు. నేను ఫోన్ చేశాను. పక్క ఊరి నుంచి అంబులెన్సు రావడానికి నలభై ఒక్క నిమిషాలు పట్టింది."

 ఆర్లీన్ మొదటి కాగితాన్ని వెనక్కి పెట్టి రెండోది తీసింది. ఆ నలభై ఒక్క నిమిషాల్లో తాను ఏమేం చేసిందో రాసుకుంది. తలుపు తీసి పెట్టడం, మెట్ల మీద మంచు ఊడ్చడం, వారెన్ చెప్పులు సరిచెయ్యడం. తొందర లేకుండా, ఒక్కో మాటా నొక్కి చదివింది. మూడో కాగితం.

"ఆ రోజు నుంచి టీవీలో ఆ బిలియన్ల మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అబద్ధం చెప్పను. అందులో వీసమెత్తు ఈ ఊళ్ళో ఖర్చుపెట్టి ఉంటే వారెన్ బతికేవాడేమో అనుకుంటాను."

"అదీ మాట!" అన్నాడు రస్. వెనక వరసల్లో చప్పట్లు మొదలయ్యాయి. నడీన్ చెవులు వేడెక్కాయి. తన ఎదుటే, తన స్నేహితురాలు, తన చర్చికి అడ్డంగా నిలబడింది.

"కానీ," అంది ఆర్లీన్ చప్పట్ల మధ్యలో, మూడో కాగితం తీసి వెనక పెడుతూ.

గంట మోగింది.

ఎవరికైనా ఒక్క మాట మిగిలిపోతే నడీన్ కుడిచేతి వేలొకటి పైకెత్తుతుంది. అంటే, సరే ముగించు అని. ఆ వేలు చట్టంలో లేదు, నడీన్ దయ అది. గ్లెన్ ఆ వేలి కోసం ఆమె వైపు చూశాడు. ఆర్లీన్ కూడా కళ్ళజోడు పైనుంచి చూసింది. నడీన్ రెండు చేతులూ బల్ల మీద బోర్లించి పెట్టింది.

"సమయం అయిపోయిందమ్మా," అన్నాడు గ్లెన్.

 ఆర్లీన్ నాలుగు కాగితాలనూ మడిచి, రాసుకొచ్చి చదివినవాళ్ళు ఇవ్వవలసిన పద్ధతి ప్రకారం, నడీన్ ముందున్న ట్రేలో పెట్టి వెళ్ళిపోయింది. చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. పావుగంట తర్వాత ఓట్లు వేశారు. నలుగురు వద్దన్నారు, ముగ్గురు సరేనన్నారు. అంతకుముందు అటూ ఇటూ ఊగుతున్న మందుల షాపాయన, "ఆర్లీన్ చెప్పింది విన్నాక నాకు చేతులాడటం లేదు" అని చెప్పి మరీ వద్దన్నాడు.

*

గురువారం చర్చి నేలమాళిగలో పిరోహీలు చేస్తారు. పొద్దున ఏడింటికల్లా పాతికమంది ఆడవాళ్ళు పొడవాటి బల్లల చుట్టూ చేరతారు. ఒకరు పిండి వత్తుతారు, ఒకరు గ్లాసుతో గుండ్రంగా కోస్తారు, ఒకరు బంగాళదుంప, జున్ను కలిపిన ముద్దలు పెడతారు. మిగిలినవాళ్ళు కజ్జికాయల్లా మడిచి అంచులు నొక్కుతారు. ఒకప్పుడు వీటిని అమ్మి చర్చి పైకప్పు వేయించారు. రెండేళ్ళుగా ఆ డబ్బంతా ఉక్రెయిన్ సైనికులకు కట్లు, మందులు కొనడానికే పోతోంది. పైకప్పు మళ్ళీ కారుతోంది. దాని కింద బకెట్ పెట్టారు.

ఆర్లీన్ ఈ చర్చికి చెందిన మనిషి కాదు. ఆమెది లూథరన్ల చర్చి. అయినా ఇరవయ్యేళ్ళుగా అంచులు నొక్కడానికి వస్తుంది. ప్రతి గురువారం ఆరున్నరకి నడీన్ చెస్ట్‌నట్ వీధిలో కారాపి హారన్ రెండుసార్లు కొడుతుంది. ఆర్లీన్ వచ్చి కూర్చుంటూ, "ఇవాళ స్టెల్లా ఎవరిని తిట్టబోతోంది?" అంటుంది. అది వాళ్ళ శుభోదయం.

ఆ గురువారం నడీన్ చెస్ట్‌నట్ వీధిలోకి తిరగలేదు. చుట్టుదారైనా రైల్వే వీధి మీదుగా వెళ్ళింది. ఆర్లీన్ ఏం మొహం పెట్టుకుని వస్తుంది, తనే మానేస్తుందిలే అనుకుంది. ఆ ఆలోచన ఎంత సులువుగా వచ్చిందో తర్వాత తలచుకుంటే ఆమెకే సిగ్గేసింది.

పిండి బల్లకు పెద్ద, స్టెల్లా. ఎనభై ఒక్క ఏళ్ళు, చేతులు మాత్రం ముప్ఫయ్యేళ్ళవి. నడీన్ ఒంటరిగా రావడం చూసి, ఆర్లీన్ ముక్కాలిపీటను కాలితో గోడ వైపు తోసింది.

"రాదా మహాతల్లి?"

"రాదులే," అంది నడీన్, చేతులు కడుక్కుంటూ.

"ఎలా వస్తుంది! ఇరవయ్యేళ్ళు మన ఉప్పు తిని ఆ టైర్లవాడి చేత చప్పట్లు కొట్టించుకుంది."

"పాపం, మొగుడు పోయిన బాధలో..." ఎవరో అనబోయారు.

"మొగుడు నాకూ పోయాడు. నేను మైకు పట్టుకున్నానా?" అంది స్టెల్లా. రెండు మూడు నవ్వులు వినిపించాయి.

నడీన్ నవ్వలేదు. నవ్వకపోవడమే తన వంతు మంచితనం అనుకుంది. నోరు తెరిచి ఒక్క మాట అనవలసిన చోట, తలవంచుకుని అంచులు నొక్కింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి, చిన్నగా, దగ్గరగా నొక్కుతుంది ఆమె. ఆర్లీన్ నొక్కుళ్ళు వెడల్పుగా ఉంటాయి, ఉడికేటప్పుడు ఒక్కటీ విచ్చుకోదు. ఆ రోజు మూడో వాయి నుంచి పెద్ద గిన్నెలో పిరోహీలు విచ్చుకుని నీళ్ళు తెల్లబడటం మొదలైంది. కొత్తగా కూర్చోబెట్టిన పిల్లను స్టెల్లా తిట్టింది. ఆర్లీన్ పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం ఫాదర్ మైరాన్ కిందికి వచ్చాడు. చిల్లుగిన్నెతో పిరోహీలు తీస్తున్న నడీన్ పక్కన నిలబడి, "ఆర్లీన్ గారు రాలేదేమ్మా?" అని అడిగాడు.

"ఒంట్లో బాలేదేమో ఫాదర్."

"వెళ్ళి చూసి రావాలి," అన్నాడు ఆయన. కాని ఆయనకు శనివారం బండ్ల హడావిడి ఉంది, వెళ్ళలేదు. వెళతానని అన్నవాడు ఆయనొక్కడే.

*

శనివారం పొద్దున మూడు అంబులెన్సులు ఊరి మీదుగా వెళ్ళాయి. చర్చి మెట్ల మీద నిలబడి ఫాదర్ వాటిమీద పవిత్రజలం చల్లాడు. ఆడవాళ్ళు డ్రైవర్లకు వేడి పిరోహీల పొట్లాలు ఇచ్చారు. రోడ్డుకు ఆవల పక్కన రస్, మరో పదిమంది "ముందు మనవాళ్ళు" అని రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఒక అట్ట మీద "వారెన్ డీట్స్ కోసం: 41 నిమిషాలు" అని ఉంది. ఎవరూ గొడవపడలేదు. డ్రైవర్లలో ఒకతను రోడ్డు దాటి రస్‌కి కూడా ఒక పొట్లం ఇచ్చాడు, రస్ తీసుకున్నాడు.

మూడు బండ్లూ కొండ మలుపు తిరిగేదాకా నడీన్ చూసింది.

సోమవారం ఆమె కౌన్సిల్ కచేరీకి వచ్చేసరికి కిటికీలోంచి అగ్నిమాపక కేంద్రం పెరడు కనిపించింది. రోడ్ల విభాగం మనుషులిద్దరు పాత అంబులెన్సు వెనక తలుపులు తెరిచి, లోపల రోడ్డుకు అడ్డంపెట్టే నారింజరంగు ప్లాస్టిక్ గొట్టాలు, రోడ్ల మీది మంచు కరిగించడానికి చల్లే ఉప్పు బస్తాలు పేరుస్తున్నారు. ఊరి అవసరాలకే ఉంచుకోవాలని కౌన్సిల్ నిర్ణయించింది కదా. ఊరికి ప్రస్తుతం ఉన్న అవసరం ఉప్పు తడవకుండా ఉండటం.

నడీన్ కిటికీ తెర లాగి, టేపురికార్డరు ముందు పెట్టుకుంది. మినిట్స్, అంటే సమావేశం రికార్డు, రాయడానికి ఆమెకొక పద్ధతుంది. మొదట టేపు మొత్తం వింటుంది, బల్ల కింది మీటను కాలితో నొక్కి ఆపుతూ, వెనక్కి తిప్పుతూ. ఒక్కొక్కరి పేరు, ఏ వైపు మాట్లాడారో ఒక వాక్యం, అంతే. కోపాలూ కన్నీళ్ళూ మినిట్స్‌లోకి రావు. టేపు మీది అంకెలను బట్టి ఎవరు ఎంతసేపు మాట్లాడారో పక్కన పెన్సిలుతో వేసుకుంటుంది.

ఫాదర్ మైరాన్: ఆరు నిమిషాలు.

పెన్సిలుతో ఆ ఆరు వేశాక ఆమె చాలాసేపు దాన్నే చూసింది. తన చేత్తో తిప్పినప్పుడు అదంత పెద్దగా కనిపించలేదు. తర్వాత ఆర్లీన్ గొంతు వచ్చింది. హాల్లో విన్నప్పుడు ఆ గొంతులో మొండితనమే వినిపించింది నడీన్‌కు. ఇప్పుడు ఖాళీ గదిలో వింటే వణుకు వినిపిస్తోంది. మెట్ల మీది మంచు, వారెన్ చెప్పులు. ఒళ్ళు మండుతుంది, అబద్ధం చెప్పను. చప్పట్లు. చప్పట్ల కింద సన్నగా, "కానీ." గంట.

నడీన్ కాలి మీట నొక్కి వెనక్కి తిప్పింది. "కానీ." గంట. మళ్ళీ తిప్పింది.

కానీ ఏమిటి?

ట్రే ఆమె మోచేతి పక్కనే ఉంది. ఆరు రోజులుగా అక్కడే ఉంది. మడత విప్పి, మూడు కాగితాలు పక్కకు పెట్టింది. నాలుగోది మిగతావాటి కంటే నీటుగా, కొట్టివేతలు లేకుండా ఉంది. దీన్ని ఒకటికి రెండుసార్లు తిరగరాసినట్టుంది.

"ఈ బండిని ఉంచుకున్నా మనకు నడిపేవాళ్ళు లేరు. దాని లైసెన్సు పోయి రెండేళ్ళయింది. అయినా వారెన్ ప్రతి ఆదివారం వెళ్ళి, బ్యాటరీ చావకుండా కాసేపు ఇంజను నడిపి వచ్చేవాడు. ఎందుకయ్యా అంటే, ఎవరికో ఒకరికి పనికొస్తుందిలే అనేవాడు. వాషింగ్టన్ మీద నాకు కోపముంది, రేపూ ఉంటుంది. ఆ కోపం ఈ బండి మీద చూపించను. నా భర్త కోసం నేను నలభై ఒక్క నిమిషాలు చూశాను. ఆ బండి అక్కడ ఒక్కరినైనా అంతకంటే ముందు చేరిస్తే వారెన్‌కి అది చాలు. ఇచ్చెయ్యండి. ఇచ్చాక, ఇవాళ వచ్చినంతమందీ వచ్చే నెల మళ్ళీ ఇక్కడికి రండి. అంబులెన్సు కావాలని మన ఊరి కోసం అడుగుదాం. నేను మొదటి వరసలో కూర్చుంటాను. వందనాలు."

నడీన్ కాగితం బల్ల మీద పెట్టింది. మళ్ళీ తీసుకుంది. కిటికీ అవతల ఎవరో ఉప్పు బస్తా ధడాలున పడేశారు.

ఓట్లు నాలుగు, మూడు. మందుల షాపాయన ఒక్కడు అటు నుంచి ఇటు వస్తే బండి ఇప్పుడు సముద్రం మీద ఉండేది. ఆర్లీన్ చెప్పింది విన్నాకే అతను చెయ్యి మార్చుకున్నాడు. ఆర్లీన్ చెప్పింది అతను వినలేదు, ఎవరూ వినలేదు. విననివ్వలేదు తను. ఫాదర్ మాటలకు మూడు నిమిషాలు ఎక్కువిస్తే బండి వెళుతుందనుకుంది. బండిని పంపగలిగిన అర నిమిషాన్ని తనే గంట కొట్టి ఆపేసింది.

నడీన్ ఏడ్చింది. చాలా ఏళ్ళుగా ఆ కచేరీలో ఏడవలేదు. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, టైపు చేస్తున్న పేజీలో ఆర్లీన్ పేరు దగ్గర ఖాళీ వదిలేసి, కంప్యూటరు ఆపేసింది.

*

మర్నాడు మంగళవారం. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాలు మొదలవడానికి ముందురోజు. ఆ రోజు ఈ ప్రాంతంలో జర్మనుల ఇళ్ళన్నిట్లో బంగాళదుంప పిండితో ఫాస్నాక్టులు వేయిస్తారు. మన బూరెలంత ఉంటాయి, నాలుగు పలకలుగా, మధ్యలో గాటుతో. ఆర్లీన్ ఏటా తెల్లవారుజాము నుంచి ఒక్కతే వేయించి, అగ్నిమాపక కేంద్రానికి పంపేది. వారెన్ పంచదార అద్దేవాడు.

నడీన్ ఆర్లీన్ ఇంటి పెరటి మెట్లెక్కుతుంటేనే లోపలి గోల వినిపించింది. తలుపు తీస్తే వంటిల్లు నిండా మనుషులు. రస్ భార్య డెబ్ పిండి వత్తుతోంది. ఇద్దరు ముగ్గురు కోస్తున్నారు. రస్ మీసాల మీద పంచదారతో, అట్టపెట్టెలు మడుస్తున్నాడు. పొయ్యి దగ్గర ఆర్లీన్, మోచేతుల దాకా పిండితో, ఏదో మాటకు నవ్వుతోంది. నడీన్‌ను చూడగానే వంటింట్లో మాటలు ఆగిపోయాయి.

"నూనె చూడవే డెబ్," అంది ఆర్లీన్. చేతులు తుడుచుకుంటూ నడీన్‌ను పెరటి వరండాలోకి తీసుకొచ్చి తలుపు వేసింది. చలికి ఇద్దరి నోళ్ళ నుంచీ ఆవిరి వస్తోంది.

"చదివాను," అంది నడీన్, సంచిలోంచి కాగితం తీసి.

"ఎప్పుడు?"

"నిన్న."

"నిన్న," అంది ఆర్లీన్. వరండా రెయిలింగు మీద గడ్డకట్టిన మంచును గోటితో గీకింది. "అదే రోజు ఇంటికెళ్ళి చదువుతావనుకున్నా. చదివితే ఊరుకోలేవనుకున్నా. బుధవారమంతా ఫోను పక్కనే పెట్టుకున్నాను. గురువారం ఆరున్నరకి కోటు, టోపీ వేసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎనిమిది దాటాక గాని కోటు విప్పలేదు. సిగ్గులేని దాన్ని."

"అట్లా అనకే. నేను... రైల్వే వీధిలోంచి వెళ్ళాను."

"తెలుసు. మన స్కూలు దగ్గర నీ కారు చూశానని డెబ్ చెప్పింది."

"ఆర్లీన్, ఆ రోజు ఫాదర్ గారికి నేను..."

"ఆరు తిప్పావు." ఆర్లీన్ గొంతులో కోపం లేదు. "నేను ఇంట్లో చదువుకుంటే మూడు నిమిషాల మీద కొంచెం వచ్చింది. ఒక కాగితం తగ్గిద్దామా అనుకుంటూ కూర్చున్నా. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, గంట మోగదు. సరే, ఇవాళ నడీన్ చూసీ చూడనట్టు పోతోంది, నాకూ పోతుందిలే అనుకున్నా. అందుకే నిదానంగా చదివాను."

 వారం రోజులుగా ఎవరికీ తెలియదని నడీన్ అనుకున్న విషయం ఈమెకు ఆ క్షణం నుంచే తెలుసు. తెలిసి కూడా హాల్లో నోరెత్తలేదు. తన పరువు కాపాడింది.

"నేను సరిచేస్తాను. ఈ కాగితం మొత్తం మినిట్స్‌లో ఎక్కిస్తాను. వచ్చే నెల సమావేశంలో నేనే లేచి చదువుతా. ఎందుకు చదవలేకపోయావో, నేనేం చేశానో కూడా చెప్తా. ఉద్యోగం పోతే పోనీ."

"వద్దు."

"ఎందుకొద్దు? ఇవి నీ మాటలేగా!"

"ఆ రోజు నా మాటలు." ఆర్లీన్ చెయ్యి చాపింది. "ఇవాళ అడుగు, ఆ బండి ఇవ్వద్దంటాను."

"కోపంలో అంటున్నావు."

"కోపమైతే బావుండును, పోయేది." లోపల ఎవరో పెద్దగా నవ్వారు. ఆర్లీన్ తలుపు వైపు చూసింది. "వారెన్ పోయాక మూడు నెలలు ఈ ఇంటికి నువ్వు తప్ప ఒక్క పురుగు రాలేదు. ఈ వారంలో పద్నాలుగు మంది వచ్చారు. రస్ వచ్చి మెట్ల మీద మంచు తీశాడు, డెబ్ నాతో కూర్చుని వారెన్ ఫోటోలు చూసింది. వీళ్ళకి కావలసింది నేనా, నా నలభై ఒక్క నిమిషాలా అంటే, అంత తెలివితక్కువదాన్నేం కాదు. అయినా వచ్చారే. ఇరవయ్యేళ్ళు ఒకే బల్ల మీద పిండి పిసికినవాళ్ళలో ఒక్కరు, ఆర్లీన్, కానీ అన్నావు కదా, కానీ ఏంటే? అని ఫోన్ చెయ్యలేదు."

"నేను చెయ్యాల్సింది."

"చెయ్యాల్సింది. బుధవారం చేసినా సరిపోయేది." ఆర్లీన్ కళ్ళు తుడుచుకుంది, చెంప మీద పిండి అంటుకుంది. "ఆ కాగితం రాసినప్పుడు నేను ఎట్లాంటి దాన్నో నాకు నచ్చింది నడీన్. వారెన్‌కి చదివి వినిపించినట్టుగా రాశాను. ఈ వారం రోజుల్లో ఎక్కడో పోయింది అదంతా. ఇప్పుడు చదివిస్తే నేను ఊళ్ళో మంచిదాన్ని అనిపించుకోడానికి అబద్ధం ఆడినట్టే. ఇటివ్వు."

సెక్రటరీ చేతికి చేరిన కాగితం ఫైల్లో ఉండాలి. బయటికి ఇవ్వకూడదు. పద్దెనిమిదేళ్ళలో నడీన్ ఒక్క చీటీ కూడా ఇవ్వలేదు. ఇచ్చేసింది. ఆర్లీన్ దాన్ని చదవకుండానే మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

"గురువారం..." అంది నడీన్.

"హారన్ కొట్టకు," అంది ఆర్లీన్ నెమ్మదిగా. "వినబడితే మళ్ళీ కోటు వేసుకుంటానేమో."

లోపలికి వెళ్ళి, ఒక పెట్టెలో డజను ఫాస్నాక్టులు పెట్టి తెచ్చి ఇచ్చింది. వేడిగా ఉన్నాయి. డబ్బు తీసుకోలేదు. చెయ్యి కూడా పట్టుకోలేదు. తలుపు మూసుకుంది. వంటింట్లో మాటలు మళ్ళీ మొదలవడం నడీన్ మెట్ల మీద నిలబడి వింది.

కచేరీకి వచ్చేసరికి మూడయింది. మినిట్స్ సాయంత్రంలోగా నోటీసు బోర్డులో పెట్టాలి. నడీన్ కోటు విప్పకుండానే కంప్యూటరు ముందు కూర్చుంది. ఫాదర్ మైరాన్ అనుకూలంగా మాట్లాడారు. రస్ బోయర్ వ్యతిరేకంగా మాట్లాడారు. దాని కింద ఒక పేరు, ఒక ఖాళీ.

నిన్న ఆ ఖాళీలో ఏం రాసినా అబద్ధమయ్యేది. ఇవాళ నిజమైన మాట ఒకటుంది, అది నిజం కావడానికి వారం రోజులు పట్టింది. ఆ వారమంతా తను ఎక్కడెక్కడ ఉందో నడీన్‌కు గంటగంటా గుర్తుంది. కళ్ళు మసకబారితే తుడుచుకుని, టైపు చేసింది.

"శ్రీమతి ఆర్లీన్ డీట్స్, చెస్ట్‌నట్ వీధి, వ్యతిరేకంగా మాట్లాడారు. జతపరచినవి: మూడు కాగితాలు."